రెండో ఆధారం

మా మేడమ్ ఎర్ర సిరా వాడదు, పెన్సిలు వాడుతుంది. ఎర్రగా గీతలు కనిపిస్తే పరిశోధక విద్యార్థులు బెదిరిపోతారని ఆమె అభిప్రాయం. బెదిరేవాళ్లం పెన్సిలుకైనా బెదురుతామని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. నా సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయం ఆమె బల్ల మీద నుంచి తిరిగి నా చేతికొచ్చినప్పుడు, దాదాపు ప్రతి పేజీ అంచులోనూ సన్నని అక్షరాలతో ఒకే ప్రశ్న ఉంది: "ఎవరన్నారు?"

నేను తిరుపతిలో విశ్వవిద్యాలయంలో చేరింది ఆలస్యంగా. అంతకుముందు చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. నలభై దాటాక పరిశోధనేమిటని అడిగినవాళ్లకు నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాయదగినవి కావు. నా విషయం చిత్తూరుకు పడమటి పల్లెల్లో జరిగే పశువుల సంతలు. మూడో అధ్యాయం అక్కడి బేరం గురించి.

సంతలో ఎద్దుల బేరం నోటితో జరగదు. అమ్మేవాడి తరఫున ఒక దళారి, కొనేవాడి తరఫున ఒక దళారి ఎదురెదురుగా నిలబడి, చేతులు కలిపి, పైన టవలు కప్పుతారు. ఇక ఆ టవలు కింద వేళ్లు మాట్లాడుకుంటాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంత, రెండు వేళ్లు కలిపి పట్టుకుంటే ఎంత, వేలిని సగానికి మడిస్తే ఎంత, ప్రతిదానికీ ఒక లెక్క ఉంది. చుట్టూ ఎంతమంది మూగినా ధర ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. పైకి మాత్రం ఇద్దరూ వాన గురించో, వేరుశనగ పొట్టు దొరకడం లేదనో మాట్లాడుతుంటారు. ఈ విద్య నాకు చెప్పింది మా నాయన. ఆయన దళారి. ఇప్పుడు లేడు.

"ఇదంతా మీ నాన్నగారొక్కరే చెప్పారా?" అని అడిగింది మేడమ్.

"ఒక్కరు చాలరా మేడమ్? ఆయన బతుకంతా సంతలోనే గడిచింది."

"ఆయనకు తెలియదని నేను అనడం లేదు. నువ్వు ఆయన కూతురివి, ఆయన లేరు, ఆయన చెప్పినట్టు ఇంకెవరూ విన్లేదు. చదివేవాళ్లు ఎలా నమ్మాలి? రెండో ఆధారం తీసుకురా. లేకపోతే ఈ అధ్యాయం గ్రంథంలో ఉండదు."

నాకు ఒళ్లు మండిపోయింది. కాగితాలు సంచిలో కుక్కుకుని, కనీసం వెళ్లొస్తానని కూడా చెప్పకుండా బయటికొచ్చేశాను. మెట్ల దగ్గరికి వచ్చాక గొడుగు మర్చిపోయానని గుర్తొచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లి తెచ్చుకోవాలంటే అభిమానం. ఎండలో నడుచుకుంటూ పోయాను.

ఆమె చెడ్డ మనిషి కాదు. నిజం చెప్పాలంటే నాకు రాయడం నేర్పింది ఆమే. చేరిన కొత్తలో నా వాక్యాల నిండా "చెప్పబడింది", "భావించబడుతోంది", "నమ్మబడుతోంది" అని ఉండేవి. అవి రాస్తుంటే పండితురాలినైపోయినట్టు నాకు లోలోపల ఒక కులుకు. మేడమ్ వాటి కింద గీతలు గీసి, "చెప్పింది ఎవరో తెలిస్తే వాళ్ల పేరు రాయి. తెలియకపోతే తెలియదని రాయి. మధ్యలో ఈ ముసుగెందుకు?" అంది. వాక్యాలు రైలుపెట్టెల్లా సాగేవి. చివరికి వచ్చేసరికి ఎవరు ఏం చేశారో నాకే తెలిసేది కాదు. "ఊపిరి పీల్చుకునే చోట ఆపు" అని ఆమె ఒక పేరాను నా చేత గట్టిగా చదివించింది. చదువుతూ చదువుతూ నాకే ఆయాసం వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ గదిలో నేను నవ్విన సందర్భాలు తక్కువ కాబట్టి అది గుర్తుంది.

వారానికొకసారి పరిశోధకులందరినీ కూర్చోబెట్టి వాదన ఎలా కట్టాలో చెప్పేది. "నీతో ఒప్పుకోనివాడు ఎదురుగా కూర్చున్నాడనుకో. వాడి మాట ముందు నువ్వే చెప్పు. వాడికంటే బాగా చెప్పు. అప్పుడు నీ మాట చెప్పు. వాడు కాస్త మెత్తబడి వింటాడు." ఇది విని నేను మనసులో అనుకున్నాను: నాతో ఒప్పుకోని మనిషి ఒకరు ఎదురుగా కూర్చుంటే చాలు తల్లీ, ముందు ఆ మనిషిని చూపించు.

నా గది అలిపిరి వైపు వెళ్లే దారిలో, ఒక మిద్దె మీద ఉండేది. కింద ఇంటివాళ్లు మంచివాళ్లే. పండగలకు ఒక గిన్నెలో ఏదో పంపి, గిన్నె ఎప్పుడిస్తానని ఎదురుచూసేవాళ్లు. తోటి పరిశోధకులు నాకంటే చాలా చిన్నవాళ్లు. "అక్కా, అక్కా" అంటూ వచ్చి నా దగ్గర పేరాలు దిద్దించుకుని, సాయంత్రం సినిమాకు వాళ్లు వాళ్లు పోయేవాళ్లు. నేను అలిపిరి దాకా నడిచేదాన్ని. కొండెక్కబోయే జనం మెట్ల దగ్గర గుంపులు గుంపులుగా నిలబడి ఉంటారు కదా, చాలామంది నా చేతికే ఫోనిచ్చి ఫొటో తీయమనేవాళ్లు. ఒంటరిగా కనిపించే ఆడమనిషి ఫొటో తీయడానికి బాగా పనికొస్తుంది. "ఇంకొంచెం దగ్గరికి జరగండి" అని చెప్పి తీసేదాన్ని. కొన్ని రోజులు నేను నోరు తెరిచి మాట్లాడిన మాట అదొక్కటే.

గదికొచ్చాక నాయన టవలు తీసి ఒళ్లో వేసుకునేదాన్ని. పచ్చ అంచున్న పాత టవలు. దాని కింద నా కుడిచేయీ ఎడమచేయీ కలిపి బేరం ఆడుకునేదాన్ని, లెక్క మర్చిపోకూడదని. కానీ నా చేతికి నా చేయి ధర చెప్తే ఏం మజా? అడిగేదానికీ తెలుసు, ఇచ్చేదానికీ తెలుసు. కాసేపటికి టవలు మడిచి లోపల పెట్టేసేదాన్ని.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను ఇంట్లో వదలడానికి ఎవరూ లేక నాయన సంతకు వెంట తీసుకుపోయేవాడు. ఏదో ఒక బండి మీద కూర్చోబెట్టి, "ఈడనే ఉండు అమ్మణ్ణీ, యాడికీ పోవద్దు" అని చెప్పి బేరాల్లోకి పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు పాఠం. మా ఇద్దరి చేతుల మీద టవలు వేసి, నా వేళ్లు పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎంత?" అనేవాడు. నేను ఆయన చెవిలో చెప్పాలి. తప్పు చెప్తే, "నువ్వు దళారివైతే మనం అడుక్కు తినాల్సిందే" అని ఎగతాళి. సరిగ్గా చెప్తే ఏమీ అనేవాడు కాదు. పాఠం అయిపోయాక మాత్రం ఒక పని చేసేవాడు. నా అరచేతి నడుమ తన బొటనవేలిని ఒక్కసారి మెల్లగా గుండ్రంగా తిప్పి, టవలు తీసేసేవాడు. అదేంటని నేను అడగలేదు. అడగడానికేముంది? ఆ తర్వాత టవలు తీసేస్తున్నాడు కాబట్టి, బేరం అయిపోయింది అని అర్థం.

పెద్దయ్యాక కూడా ఆ గుర్తు మా మధ్య ఉండిపోయింది. హాస్టల్లో దింపినప్పుడు గేటు దగ్గర అందరి ముందూ ఏమీ మాట్లాడకుండా, భుజం మీది టవలు మా చేతుల మీదికి లాగి, బొటనవేలు తిప్పి, వెనక్కి చూడకుండా పోయాడు. సరే, ఈ పని అయిపోయింది అంటున్నాడనుకున్నాను. నాకు ఉద్యోగం వచ్చిన రోజూ అంతే. మా నాయన మాటలు తక్కువ మనిషి. సంతలో అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు.

చివరిసారి తిరుపతి ఆసుపత్రిలో. మూతికి మాస్కు ఉంది, మాట్లాడడానికి లేదు. మధ్యాహ్నం పూట, పక్క మంచం వాళ్లు అన్నం క్యారియరు విప్పుకుంటున్నారు. దుప్పటి కింద ఆయన చేయి నా చేతిని వెతుక్కుంది. ఏదైనా చెప్తాడేమో అని నేను వేళ్లు చాచాను. ఆయన ఏ వేలూ పట్టుకోలేదు. బొటనవేలు నా అరచేతిలో ఒక్కసారి తిరిగింది. తర్వాత వదిలేశాడు. ఆ సాయంత్రమే పోయాడు.

బేరం అయిపోయింది అని చెప్పి పోయాడనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు గానీ ఆ రోజు నుంచి నాకు ఆయన మీద కోపం. ఎవరు తెంపమన్నారు? బేరమంటే ఇద్దరూ ఒప్పుకోవాలి కదా. నన్ను ఒక్క మాట అడిగాడా? నేను ఇంకా చేయి చాపుకునే ఉన్నాను.

ఇక గ్రంథంలో ఆయన సంగతి. అధ్యాయంలో "మా నాయన" అని రాసిన చోటల్లా "సమాచారదాత" అని మార్చమంది మేడమ్. పద్ధతి అదే. కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే అన్ని చోట్లా నాయన పోయి సమాచారదాత వచ్చి కూర్చున్నాడు. "సమాచారదాత బాల్యంలో ఎద్దులు కాశాడు." "సమాచారదాత భార్య చిన్న వయసులోనే మరణించింది." మా అమ్మ అన్న మాటను నా చేత్తోనే మార్చిన ఈ రెండో వాక్యం చదివి, నవ్వాలో ఏడవాలో తెలియక లేచిపోయి మొహం కడుక్కున్నాను. అయినా పర్వాలేదనుకున్నాను. ఏ పేరుతోనైనా ఆయన ఉన్నది ఈ అధ్యాయంలోనే. ఇది కొట్టేస్తే ఆయన ఇంకెక్కడా ఉండడు.

అందులో ఒక వాక్యం మేడమ్‌కు బాగా నచ్చింది. "బేరం ముగిసినట్టు తెలపడానికి దళారి తన బొటనవేలిని ఎదుటివాడి అరచేతి మధ్యలో ఒకసారి గుండ్రంగా తిప్పుతాడు." దాని పక్కన పెన్సిలుతో ఇలా రాసింది: "ఇది ఇంతవరకు ఎవరూ రాసినట్టు లేదు. దీనికి ఆధారం తప్పనిసరి."

కోపం చల్లారడానికి వారం పట్టింది. తర్వాత నాయన టవలు సంచిలో పెట్టుకుని, చిత్తూరు బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి సంతకు పోయాను.

సంత చిన్నదైపోయింది. నా చిన్నప్పుడు ఎద్దులు నిలబడిన చోట ఇప్పుడు మేకలు, కోళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు అమ్మే ఆటోలు. ఎద్దులు ఒక మూల ఉన్నాయి. కుర్ర దళారులు ఫోన్లో అంకె కొట్టి ఎదుటివాడికి చూపించి, మళ్లీ చెరిపేస్తున్నారు. టవళ్లున్న దళారులు అక్కడక్కడ కనిపించారు. ఒకాయన దగ్గరికి పోయి విషయం చెప్పాను.

"టవలు బేరం నేర్పాలా? నీకా?" అని పక్కవాడిని పిలిచాడు. "అప్పా, ఈడ సూడు, ఈ యమ్మ నాతో టవలు కింద సెయ్యి పెడతాదంట!" చుట్టూ నవ్వులు. "మా ఇంట్లో తెలిస్తే నన్ను గడప తొక్కనీదు తల్లీ."

ఇంకొకాయన జాలిపడి, "సెయ్యెందుకు, నోటితో సెప్తా రాసుకో" అన్నాడు. చెప్పాడు. మొదలు నుంచి చివరిదాకా తప్పు లెక్క. వేళ్ల లెక్క బయటివాళ్లు అడిగితే తప్పు చెప్పడం దళారుల అలవాటని నాయన ఎప్పుడో చెప్పాడు. టవలు కింద మాత్రం అబద్ధం ఆడరు. ఆడితే ఇంకోసారి వాడి చేయి ఎవరూ పట్టుకోరు. కాబట్టి నాకు కావాల్సింది నోరు కాదు, చేయి. సంతలో ఆడదాని చేతికి చేయి ఇచ్చేవాడు లేడు. ఎండలో నిలబడి ఇంకేం చేయాలో తోచలేదు. తిరిగి పోదామనుకుంటుంటే టీ అంగడి ప్లాస్టిక్ పట్ట కింద ఆయన కనిపించాడు.

సంతలో మా నాయనకు ఎదురు నిలబడే దళారి ఆయన. నాయన అమ్మే వైపుంటే ఈయన కొనే వైపు. ఇద్దరికీ ఒక్క క్షణం పడేది కాదు. నాయన ఇంట్లో ఆయన్ని "ఆ మొండోడు" అని తప్ప ఇంకో మాటతో అనగా నేను వినలేదు. నాయన పోయిన రోజు ఆయన వచ్చి, లోపలికి రాకుండా, వీధి అవతల గోడ నీడలో చాలాసేపు నిలబడిపోయాడు. అది చూశాను గానీ పలకరించలేదు.

"చిన్నాయనా" అని పిలిచాను. నాయన తమ్ముణ్ణి పిలిచినట్టు.

"ఎవురమ్మా నువ్వు?"

మా ఊరు చెప్పి, నాయన ఎవరో చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఆ మొండోని కూతురా!"

"మా ఇంట్లో మీ పేరు కూడా అదే" అన్నాను.

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేను వచ్చిన పని చెప్పగానే మాత్రం నవ్వు పోయింది. "నీకేమన్నా మతి పోయిందా పాపా? పదిమంది సూస్తాండారు. కూతురంత పిల్ల సెయ్యి పట్టుకోని సంతలో టవలు కప్పాల్నా? తూ! రేపు నా మొకం ఎవుడన్నా సూస్తాడా?"

అక్కడ నాకు మేడమ్ గుర్తొచ్చింది. నాతో ఒప్పుకోని మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇన్నాళ్లకు దొరికాడు.

"మీరు చెప్పేది సబబే చిన్నాయనా" అన్నాను. "ఆడదాని చేయి పట్టుకుంటే సంతలో మీకు మర్యాద పోతాది. ఇంకో మాట కూడా ఉండాది, అది మీరు అడగలా, నేనే చెప్తాండా. ఈ లెక్క పుస్తకంలోకి ఎక్కితే ప్రతివాడూ చదివేస్తాడు. ఇంక టవలు కింద దాచేదానికి ఏముంటాది? దళారి నోటికాడ కూడు పోయినట్టే."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "అంత తెలిసినదానివి మళ్లా ఎందుకు అడుగుతాండావు?"

"ఆ కూడు ఫోన్లొచ్చినప్పుడే పోయె. మీరంతా పోయినాక ఈ లెక్క తెలిసిన చేయి ఒక్కటీ ఉండదు. నేను మా నాయన చెప్పినాడని రాసినా. ఒక్కడు చెప్తే నమ్మరంట. ఇప్పుడు మీరు కాదంటే, మా నాయన చెప్పిందంతా అబద్ధమని కొట్టేస్తారు."

"ఎవుడు కొట్టేసేది?" ఆయన గొంతు లేచింది. "వాడు అబద్ధమా? టవలు కిందనా? పైన నాతో ఎన్ని తగాదాలు పడినాడో నాకు తెలుసు, దేవునికి తెలుసు. టవలు కింద ఒక్కనాడు తప్పు సెప్పలా." భుజం మీది టవలు తీసి విదిలించి, టీ కాసే అతన్ని గదిమాడు. "అబ్బా, నువ్వు అట్ల తిరుగు. అంగడి నీదైతే అయిందిలే."

నేను నా సంచిలోంచి నాయన టవలు తీశాను. ఆయన ఆ పచ్చ అంచు చూసి, తన టవలు మళ్లీ భుజం మీద వేసుకుని, "దాన్నే కప్పు" అన్నాడు.

టవలు కింద ఆయన చేయి గట్టిగా, పొడిగా ఉంది. ఆయన పట్ట చిరుగులోంచి ఆకాశం వైపు చూస్తూ, ఈ ఏడు వాన ఎట్లుంటుందో అని మొదలుపెట్టాడు. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆయన పట్టిన వేళ్లను బట్టి నేను మెల్లగా ధర చెప్తున్నాను. ఆయన తల ఊపుతున్నాడు. నేను అడిగితే ఆయన తగ్గించాడు, నేను తగ్గిస్తే ఆయన వేలు మడిచాడు. అన్నీ సరిపోయాయి. నాయన బస్సులో చెప్పిందానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. పట్టలేనంత సంతోషమేసింది. దాంతోపాటు ఇంకొకటి తట్టింది. ఆసుపత్రిలో నాయన చేయి వదిలినాక ఇంకో మనిషి నా చేయి పట్టుకోవడం ఇదే మొదలు.

చివరిది మిగిలింది. నేను ఆయన అరచేతి నడుమ బొటనవేలిని ఒకసారి మెల్లగా గుండ్రంగా తిప్పాను.

ఆయన కాలినట్టు చేయి లాక్కున్నాడు. టవలు కింద పడింది. "ఏం పని పాపా ఇది!"

"బేరం అయిపోయిందని చెప్పడం కదా చిన్నాయనా" అన్నాను, కంగారుగా.

"ఎవురు సెప్పినారు నీకు?"

"మా నాయన."

"అట్లాంటిదేమీ లేదే. బేరం కుదిరితే టవలు తీసేస్తాం. కుదరకపోయినా తీసేస్తాం. ఇంక సెప్పేదానికి ఏముండాది?"

"మా నాయన ఎప్పుడూ చేసేవాడు."

"ఎవురికి?"

"నాకు."

ఆయన వంగి టవలు తీసుకుని, దుమ్ము దులిపి, మడత పెట్టడం మొదలుపెట్టాడు. చాలా నిదానంగా మడిచాడు. "నా వయసంతా వాని సెయ్యి పట్టుకోనుండా పాపా. నాకెప్పుడూ అట్ల సెయ్యలా. సంతలో ఎవురికీ సేసిండడు, సేసింటే నాకు తెలిసిపోతాది. అది బేరం మాట కాదు. నీకు సెప్పిన మాట."

"ఏమని?"

"నన్నడిగితే? నాకు కూతుర్లు లేరు." టవలు నా చేతిలో పెట్టి, చల్లారిపోయిన టీ తాగేశాడు. నేను లేచేటప్పుడు, "నా పేరు రాసుకో. ఫోన్ నంబరు మాత్రం యెయ్యొద్దు, ఆడోళ్లంతా బేరానికొస్తారు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చిత్తూరు దాటేదాకా ఏడుపు ఆపుకున్నాను. తర్వాత ఆపుకోలేదు. పక్కన కూర్చున్నామె తన సంచి ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. అయితే ఆసుపత్రిలో ఆయన బేరం తెంపలేదు. అయిపోయింది అనలేదు. మాస్కు పెట్టుకుని, ఊపిరి అందని మనిషి, దుప్పటి కింద నా చేయి వెతుక్కుని, నాతో తప్ప ఎవరితోనూ అనని మాట అన్నాడు. ఆ మాట బస్సులో అన్నాడు, హాస్టల్ గేటు దగ్గర అన్నాడు, ఉద్యోగం వచ్చిన రోజు అన్నాడు. నేనేమో ఎన్నిసార్లు విన్నా ప్రతిసారీ అయిపోయిందనే అనుకున్నాను. దాని మీద కోపం కూడా పెంచుకున్నాను. ఇప్పుడు ఆ కోపం పోయింది. అది పోయాక గది ఇంకా ఖాళీ అయిపోయింది. కోపమున్నన్నాళ్లూ గదిలో ఆయనతో పోట్లాడుతూనైనా ఉండేదాన్ని.

మర్నాడు అధ్యాయం ముందేసుకుని కూర్చున్నాను. వేళ్ల లెక్కంతటికీ కింద రెండో ఆధారం చేర్చాను: ఆ దళారి పేరు, ఊరు, ఆయన చేతితో చూపిన విధం. అది రాసేటప్పుడు మేడమ్ చెప్పిన ప్రతిదీ పాటించాను. ముసుగు వాక్యాలు లేవు. నోటితో చెప్పినవాళ్లు తప్పు లెక్క చెప్పారని కూడా రాశాను, ఎందుకు చెప్తారో కారణం రాశాను. అధ్యాయం ముందుకంటే బాగా నిలబడింది. గర్వంగా కూడా అనిపించింది. చూపించుకోవడానికి ఎవరూ లేకపోయినా.

ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే తప్పు. సంతలో అలాంటి సంకేతం లేదు. సరే, మారుద్దామని, "ఒక సమాచారదాత తన కుమార్తె అరచేతిలో" అని మొదలుపెట్టాను. తర్వాత ఏమని రాయాలి? ఏ అర్థంలో? ఎవరన్నారు? రాసిన నాలుగు మాటలూ చూస్తుంటే ఎవరో వచ్చి దుప్పటి తొలగించి చూసినట్టు అనిపించింది. కొట్టేశాను. వాక్యం మొత్తం తీసేశాను. మీట ఒక్కసారి నొక్కితే పోయింది. అరచేయి చూసుకున్నాను. నా బొటనవేలితో నేనే తిప్పుకుని చూశాను. ఏమీ కాలేదు, చక్కిలిగింత పెట్టుకున్నట్టు ఉంది.

వారం తర్వాత మేడమ్ గదికి పోయాను. నా గొడుగు తలుపు వెనక కొక్కేనికి తగిలించి ఉంది, ఆమే తగిలించినట్టుంది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ చదివింది. పెన్సిలు బల్ల మీదే ఉండిపోయింది. అంచుల్లో ఎక్కడా "ఎవరన్నారు?" లేదు. చివరి పేజీకొచ్చి మళ్లీ వెనక్కి తిప్పింది. ఏదో వెతుకుతోంది.

"బాగా రాశావు. ఇక దీన్ని ఎవరూ కదిలించలేరు" అంది. "కానీ ఆ బొటనవేలి వాక్యం ఏమైంది? మొత్తం అధ్యాయంలో అదే కొత్త సంగతి. దానికి ఆధారం దొరకలేదా?"

"దొరికింది మేడమ్" అన్నాను. "అందుకే తీసేసినాను."